చేతికివ్వని చాకు

ఆ రోజు ముసురు పట్టింది. పామర్రులో కోడూరు బస్సెక్కితే, పక్క సీటులో ఒక పెద్దాయన మడతచాకుతో జామకాయ కోస్తున్నాడు. కోస్తున్నాడే గానీ తినడం లేదు. కొమ్ముపిడి చాకు, దానికి రెండు బ్లేడ్లు. పెద్దది సానపట్టీ పట్టీ సన్నబడిపోయింది. చిన్నది మాత్రం కొత్తదానిలా ఉంది.

నాకో ముక్క ఇచ్చాడు. నా సంచిలో బత్తాయి ఉంటే, చాకు కోసం చెయ్యి చాపాను. ఆయన దాన్ని నా చేతికివ్వకుండా సీటు మీద పెట్టాడు. బత్తాయిలోకి ఆ సన్నటి బ్లేడు ఇట్టే దిగింది. తిరిగి అందిస్తే ఆయన ఒళ్లోంచి చేతులు తీయలేదు.

"కింద పెట్టండి బాబూ. చాకు చేతికిచ్చుకుంటే గొడవలొస్తాయి."

అనంతపురంలో మా ఇంట్లో ఈ పట్టింపు లేదు. నవ్వాను.

"మా తమ్ముడూ ఇలాగే నవ్వేవాడండి. ఇద్దరికీ ఈ ఒక్క చాకే. పెద్ద బ్లేడు నాది, చిన్నది వాడిది. ఓ రోజు వలతాడు కోసి, నవ్వుతా నా చేతికిచ్చేశాడు. ఆ సాయంత్రమే చెరువుగట్టు మీద మాటామాటా వచ్చింది. మళ్లీ మాట్లాడుకోలేదు."

"ఇప్పుడు ఆయన దగ్గరికేనా?" అన్నాను.

"ఆఁ. పొద్దున్న ఫోనొచ్చింది, పోయాడంట. సాయంత్రం సమాధి."

చాకును పంచెకు తుడిచి, రెండు బ్లేడ్లూ టక్కుమని మడిచాడు. కోడూరులో దిగబోతూ నా వైపు తిరిగాడు.

"ఇవాళ దీన్ని వాడి చేతికే ఇస్తానండి. ఇంక పోట్లాడుకోడానికి ఎవరున్నారు?"