జిల్లేడు పాలు తగిలిన కన్ను

మధ్యాహ్నం పన్నెండున్నర. బాగేపల్లి దగ్గర పరగోడులో మా పెద్దమ్మ ఇంట్లో అన్నం ముందు కూర్చున్న మా ఏడేళ్ల చరణ్, "అమ్మా, నీ మొగం మంచులో ఉన్నట్ల ఉండాది," అన్నాడు. నవ్వబోయి ఆగిపోయాను. వాడి కుడికన్ను ఎర్రగా ఉంది.

పొద్దున టమోటా తోటలో వాడి కాలిలో తుమ్మముల్లు విరిగింది. విరిగిన ముల్లు పైకి రావడానికి జిల్లేడు పాలు పెట్టడం మావైపు అలవాటు. పెద్దమ్మ కొమ్మ తెచ్చింది, పాలు పెట్టింది నేను. తర్వాత వాడు ఆ కొమ్మతో ఆడుకుంటుంటే చూస్తూ ఊరుకున్నాను. బి.ఎస్సీలో బాటనీ చదివినదాన్ని. ఆఫ్రికాలో వేటగాళ్లు బాణాల మొనలకు ఈ పాలు పూసేవారని పరీక్షలో రాశాను కూడా.

పావుగంటసేపు కన్ను కడిగాను. "రెండు చుక్కలు ఆముదం ఎయ్యమ్మా, సల్లబడతాది," అంది పెద్దమ్మ. వద్దన్నాను.

ఒంటిగంటకు ఆటోలో బాగేపల్లి, ఒకటిన్నరకు చిక్కబళ్లాపురం బస్సు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఉచితం, వాడికి అర టికెట్టు. పక్కన కూర్చున్న పెద్దాయన సంగతంతా విని, "ముల్లు కాల్లో, పాలు కంట్లో. బాగుండాది మీ వైద్యం," అన్నాడు. నా ముఖం చూసి కాబోలు, కిటికీ సీటు చరణ్‌కు ఇచ్చాడు.

"నొప్పుండాదా అప్పా?"

"లేదు తాతా."

ఆ మాటతో నాకు కొంత ధైర్యం వచ్చింది.

మూడుంబావుకు అక్కడి ఆసుపత్రిలో కంటి డాక్టరమ్మ మళ్లీ కడిగించి, యంత్రంలోంచి చాలాసేపు చూసింది. "నల్లగుడ్డు మీది పొర ఉబ్బిండాది. నొప్పి లేదని సంబరపడొద్దమ్మా. ఈ పాలు కంటిని మొద్దుబారుస్తాయి. అందుకే పిల్లలు చెప్పరు, ఆలస్యమైపోతాది."

ఎందుకో ఆ చెట్టు గురించి కాస్త మంచి వినాలనిపించింది. "ఇట్లాంటి బాణం విషాల నుంచే గుండెకు మందులొచ్చినాయి కదా మేడమ్?"

"వచ్చినాయి. మిల్లీగ్రాముల్లో తూచి, నాడి చూసుకుంటా ఇస్తారు. మీరు కొమ్మ తుంచి పూసినారు."

"చూపు?"

"చానామందికి వస్తాది. గంటకొకసారి చుక్కలెయ్యండి. రేపు పొద్దున చూస్తే తెలుస్తాది."

నాలుగున్నరకు శిడ్లఘట్ట మీదుగా మా చింతామణికి బస్సు. కుదుపుల్లో చుక్క కంట్లో పడటం లేదు. పట్టుగూళ్లు అమ్ముకుని వస్తున్న ఒకామె చరణ్ తల పట్టుకుంది. "నువ్వెయ్యమ్మా. ఇడిస్తే చెవిలో పోసేట్లుండావు." తర్వాత వాడు ఆమె చెవిలో ఏదో చెప్పాడు.

"తొమ్మిదిన్నరకే కన్ను నలుపుకున్నాడంట. నువ్వు తిడతావని చెప్పలేదంట," అంది ఆమె.

అప్పటినుంచి నేను కడిగేదాకా మూడు గంటలు. చింతామణిలో దిగేదాకా నా తలలో అవే తిరిగాయి. పిల్లలతో మావైపు పొలాలకు వచ్చేవాళ్లకు ఒకటే చెప్పగలను: జిల్లేడు పాలు తగిలితే వెంటనే కడగండి, నొప్పి కోసం కాచుకోకండి.

మర్నాడు పొద్దున ఆరున్నరకు వాడు ఎడమకన్ను మూసుకుని నావైపు చూశాడు. "ఇంకా మసకగానే ఉండాది. బొట్టు మాత్రం కనపడతాండాది."

వాళ్ల నాన్న దగ్గర పడుకుని నిద్ర లేచిన వాడి చెల్లెల్నీ పిలిచి, ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. "పాలు పెట్టింది నేను. తప్పు నాది. ఇంకమీద ఏం తగిలినా, నొప్పి లేకపోయినా నాకు చెప్పండి."

"తిడితే?" అంది పాప.

"తిట్టినా చెప్పండి," అన్నాను.