పొట్టి మిడతల పందెం

నా చిన్నప్పుడు పొట్టి అన్న మాట చెవిన పడితే ఒళ్ళు మండేది. ఇప్పటికీ మండుతుంది. ఆ మంట రాజేసింది మా అత్త కొడుకు.

వేసవిలో వాడు మైదానం నుంచి అనంతగిరి పైనున్న మా గూడేనికి వచ్చాడు. వస్తూ వాళ్ళ చెరుకుతోటలో పట్టిన మిడతల్ని డబ్బాలో తెచ్చాడు. మావాటి మట్టిరంగే, కానీ ఒక్కోటీ నా వేలంత. పోడులో నేను పట్టినవి వాటి పక్కన కందిగింజల్లా ఉన్నాయి.

"మీ కొండమీద మనుసులూ పొట్టే, మిడతలూ పొట్టే!" అన్నాడు.

ఉక్రోషంతో పందెం కాశాను. వాడి మిడతలే గొప్పవని తేలితే నా నల్ల కోడిపెట్ట వాడిది. నా చేతి గింజలు తిని పెరిగిన పెట్ట అది. వాడు పుల్లతో మిడతల్ని కొలిచి, పెట్టని చంకన పెట్టేసుకున్నాడు. నేను ఏడుపు లంకించుకున్నాను.

మా తాతయ్య చుట్ట పక్కన పెట్టి లేచాడు. "కొలీడానికి నువ్వెవడివిరా? నేల కొలుత్తాది. బేగి రండి" అని మమ్మల్ని పోడు దగ్గరికి తీసుకెళ్ళాడు.

అప్పుడే కాల్చిన చెలక. అంతా బూడిద, మాడిన మోళ్ళు. పొగకి లేచే పురుగుల కోసం పసులపోలిగాడు పిట్టలు కాచుకుని ఉన్నాయి. రెండు రకాల మిడతల్నీ ఒకేసారి వదలమన్నాడు. పిట్టలు ముందు పెద్దవాటినే ఎగరేసుకుపోయాయి. మావి ఒకటో రెండో పోయాయి గాని, తక్కినవి మోళ్ళ పగుళ్ళలోకి దూరిపోయాయి.

"ఏటేటా పెద్దోటినే పిట్టలు ఏరుకుపోతంటే ఇక్కడ గుడ్లెట్టీదెవరు? దాక్కున్న ఈ సిన్నవే. ఆటి పిల్లలూ ఆటిలాగే. ఇయి పొట్టివి కావురా గుంటడా, మిగిలినవి."

"మరి మా తోటలోనో?"

"అక్కడ చెరుకు దట్టం, పిట్టకి కానరావు. అక్కడ బలిసిందే నాలుగు గుడ్లు ఎక్కువెడతాది. ఇయి అక్కడికొత్తే ఓడిపోతాయి."

వాడు పెట్టని దింపాడు. అది ఊరికే దిగిందా? వాడి చొక్కా పాడుచేసి మరీ దిగింది.

ఇప్పుడు కార్లలో వచ్చేవాళ్ళు మా ఆవుల్ని, మా కోళ్ళని, ఆఖరికి మా పిల్లల్ని చూసి కూడా అదే మాట. మొన్న ఒకావిడ మెట్ట ఎక్కలేక ఆయాసపడుతూ, ముందు గెంతుతూ వెళ్తున్న నా మనవరాల్ని చూపించి, "ఏం పెడుతున్నారమ్మా, మరీ పొట్టిగా ఉంది" అంది. తిండి చాలక ఎదగని పిల్ల ఉంటే సిగ్గుపడాల్సింది ఆ పిల్లా? కడుపు నిండా తిని ఇంతే ఉన్న పిల్లయితే, ఎవరి పుల్లతో కొలుస్తున్నట్టు?

"మిగిలినోళ్ళం తల్లీ" అన్నాను.

ఆవిడకి బోధపడలేదు. మనవరాలు మాత్రం కిసుక్కున నవ్వింది. నల్లపెట్ట సంగతి దానికి తెలుసు.