ఎవరి గీత వాళ్లది

డ్రాయింగు మాస్టారు పోయారని వాళ్లమ్మాయి ఫోను చేసినప్పుడు నేను కొట్లో ఒకాయన ఆధార్ కార్డు జిరాక్స్ తీస్తున్నాను. ఆ రోజు హుకుంపేట సంత. బయటంతా జనం. "నాన్న పోయారు అత్తా" అంది ఆ అమ్మాయి. మిషను మూత పైకెత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయినట్టున్నాను.

"ఏటమ్మా, కరెంటు పోయిందేటి?" అన్నాడు కార్డు తెచ్చినాయన.

లేదన్నాను. మూత వేసి, కాపీ తీసి ఇచ్చాను. తర్వాత వచ్చినవాళ్లకి కూడా తీసిస్తూనే ఉన్నాను. సంత రోజు కొట్టు కట్టేస్తే, కొండల మీంచి కాగితాలు పట్టుకుని దిగినవాళ్లు మళ్లీ సంత దాకా ఆగాలి. వాళ్లలో చాలామందికి మాస్టారెవరో తెలీదు. ఆయన్ని ఎరగనివాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆయన మా దగ్గర ఒక ఆశ్రమ పాఠశాలలో డ్రాయింగు చెప్పేవారు. సొంతూరు విజయనగరం అవతల పల్లపు ప్రాంతం. ఏజెన్సీకి బదిలీ మీద వచ్చినవాళ్లు చాలామంది దిగిన రోజు నుంచే వెనక్కి వెళ్లే ఆర్డరు కోసం చూస్తారు. ఆయనా మొదట్లో చూసే ఉంటారు. మరి ఎందుకు ఉండిపోయారో ఎప్పుడూ చెప్పలేదు. చొక్కా జేబులో పెన్నుకి బదులు పెన్సిలు ఉండేది. బ్లేడుతో నా కొట్లోనే చెక్కేవారు. ఆ పొట్టంతా మిషను కిందకి పోతోందని నేను కేకలేస్తే, వంగి ఏరి, అదే జేబులో వేసుకునేవారు.

ఏటా వేసవి సెలవుల ముందు ఆయన పిల్లల చేత ఒక బొమ్మల కథల పుస్తకం వేయించేవారు. బొమ్మలు గీయగల పిల్లలు, గీయలేని పిల్లలు, ఎవరైనా సరే. ఒక్కొక్కరికి ఒక పేజీ, మరీ కథ పట్టకపోతే రెండు. తెల్లకాగితాలు సగానికి మడిచి, మధ్యలో పిన్నులు కొట్టి, పైన రంగు కాగితం అట్ట. కాపీలు తీసి పిన్నులు కొట్టే పని నాది.

మొదటిసారి ఆయన కాగితాలు తెచ్చినప్పుడు ఒక్కొక్కటీ మిషను గాజు మీద పెడుతుంటే నాకు చికాకేసింది. ఒక పేజీలో మనిషికి తల ఇంతుంది. తర్వాత పేజీలో మనిషంటే రెండు పుల్లలు. ఒకడు ఇల్లు గీస్తే ఇంకొకడు ఇంటి లోపలున్న పొయ్యి, కుండలు, చూరుకి కట్టిన మొక్కజొన్న పొత్తులు అన్నీ బయటికే కనబడేలా గీశాడు.

"మాస్టారూ, ఇవి ఒకదానికొకటి కలవట్లేదు. బాగా గీసే కుర్రాడు ఒకడుంటాడు కదా, వాడి చేత అన్నీ గీయించకపోయారా?" అన్నాను.

"అలగైతే పుస్తకం ఎందుకు సెల్లెమ్మా? తిన్నగా ఆడింటికెల్లి సూసీసి వొచ్చీడమే గదా?" అన్నారు.

అని సంచిలోంచి ఒక లావుపాటి పుస్తకం తీశారు. అట్ట లేదు. విశాఖలో పాత పుస్తకాల కొట్లో కొన్నారట. ఏ భాషో ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. లోపలన్నీ బొమ్మల కథలు. ఒక్కో కథ ఒక్కొక్కరు గీసినవి. టీ వచ్చేలోపు నాకు అందులో వానలు చూపించారు. ఒకాయన వాన అంటే ఏటవాలు గీతలు. ఇంకొకాయన చుక్కలు పెట్టాడు. మూడో ఆయన వాన గీయనే లేదు. గొడుగు కింద నడిచే మనిషిని, ఆయన తడిసిన చెప్పుల్నీ గీసి ఊరుకున్నాడు.

"ఏ వాన నచ్చింది నీకు?" అన్నారు.

"చెప్పులది."

"నాకు సుక్కలది. సూసేవా, ఒక్కడే గీసిన పుస్తకమైతే నచ్చకపోతే మూసీడమే. పదిమందిదైతే పేజీ తిప్పితే సాలు."

ఆయన చిన్నప్పుడు వాళ్ల మావయ్యకి సైకిలు కొట్టు ఉండేదట. గాలి కొట్టించుకునేవాళ్లు చూసుకోవడానికి అక్కడ అలాంటి పుస్తకమే ఒకటి మేకుకి తగిలించి ఉండేది. ఆ పుస్తకం తిరగేస్తుంటే ఆయనకి ఒక అనుమానం వచ్చింది: కథ మారినప్పుడల్లా మనుషుల ముక్కులు ఎందుకు మారిపోతున్నాయి? మావయ్యని అడిగితే, "గీసినోళ్లు వేరే వేరే వోళ్లు కాదేట్రా" అన్నాడట. "అప్పటిదాకా బొమ్మలు మిషన్లోంచి వొచ్చేత్తాయనుకున్నాను సెల్లెమ్మా. ఎనకాల మనుషులున్నారని ఆ ముక్కులు సూసే తెలిసింది" అనేవారు మాస్టారు. ఈ మాట నాతో చాలాసార్లు చెప్పారు. ప్రతిసారీ మొదటిసారి చెబుతున్నట్టే.

ఆ తర్వాత నాకూ అలవాటైంది. పేరు చూడకుండానే ఏ పేజీ ఎవరిదో చెప్పగలిగేదాన్ని. ఒకడికి అందరి చేతులూ పారల్లా ఉంటాయి. ఒక పిల్ల ఎంత చిన్న గడి ఇచ్చినా అందులో కుక్కని ఇరికిస్తుంది. కొందరి పేజీలు నాకు అస్సలు నచ్చేవి కావు, వాటి పక్కనున్నవి మరింత బాగుండేవి. మరుసటి ఏడు ఆ నచ్చనివాళ్లే నచ్చేవారు.

ఆయన మాత్రం అందులో ఒక్క గీత గీసేవారు కాదు. అట్ట కూడా పిల్లల చేతే. మీరూ ఒక పేజీ వెయ్యకూడదా అని అడిగాను.

"నాను గీసేనంటే పిల్లగుంటలందరూ అది సూసి గీత్తారు. అప్పుడు పదిమందీ నానే అయిపోతాను. నన్ను నాను సూసుకోడానికి అద్దం ఉంది గదా ఇంట్లో."

ఒక ఏడు జరిగిన సంగతి చెప్పాలి. బొమ్మల కథల్లో మనిషి నోటి దగ్గర బుడగ గీసి అందులో మాటలు రాస్తారు. మాస్టారు అచ్చు పుస్తకం ఒకటి చూపించి, ఇలా గీయండి అని చెప్పారు. కొండ మీది ఊరి పిల్ల ఒకతె పేజీ ఇచ్చింది. అందులో మనుషులందరూ మూతి దగ్గర ఏదో ఎత్తిపట్టుకుని ఉన్నారు.

"వీళ్లంతా ఏటి తాగుతున్నారు మాస్టారూ?"

ఆయన కళ్లజోడు సర్దుకుని చూసి, బల్ల మీద చెయ్యేసి నవ్వడం మొదలుపెట్టారు. ఆ పిల్ల ఊళ్లో పొలానికి వెళ్లేవాళ్లు ఎండిన ఆనపబుర్రలో చోడంబలి, అదే రాగంబలి, పోసుకుని వెళతారు. ఒక పక్క ఉబ్బుగా, ఒక పక్క సన్నటి మెడ. మెడ నోటికి తగిలి ఉంటే అది ఆనపబుర్ర కాక ఇంకేమిటి? అచ్చు పుస్తకంలో దొరలంతా అంబలి తాగుతున్నారని, బుర్ర మీద ఏవో అక్షరాలు చెక్కించుకున్నారని ఆ పిల్ల అనుకుంది. తన కథలో తాత, ముసలమ్మ, చివరికి పులి కూడా బుర్ర ఎత్తే ఉన్నారు.

దిద్దుతారేమో అనుకున్నాను. దిద్దలేదు. అలాగే కాపీ తీయమన్నారు. ఆ ఏడు నుంచి బళ్లో పిల్లలు మాటల బుడగని బుర్ర అనే అంటారు.

"సార్, ఈ బుర్రలో ఏటి రాయాలి?" అని అడిగితే, "నీ బుర్రలో ఉన్నదే రాయరా" అనేవారు ఆయన.

ఈ ఏడు సంగతికి వస్తాను. పిల్లలు మొదట పెన్సిలుతో గీస్తారు. పెన్సిలు గీత జిరాక్స్‌లో పడదు. పడినా బూడిద రాసినట్టు ఉంటుంది. అందుకని మాస్టారు అందరినీ బడి అరుగు మీద కూర్చోబెట్టి, నల్ల పెన్నులిచ్చి, ఎవరి గీత మీద వాళ్ల చేతే దిద్దించేవారు. బాగా గీసేవాడు పక్కవాడి దాని మీద చెయ్యి పెడితే ఊరుకునేవారు కాదు. ఈసారి ఆ పని కాకముందే ఆయనకి కళ్లు పచ్చబడ్డాయి. పాడేరులో చూపిస్తే వెంటనే విశాఖ వెళ్లమన్నారు. బస్సుకి వెళుతూ కొట్టు దగ్గర ఆగి, పెన్సిలు పేజీల కట్ట నా చేతికిచ్చారు.

"ఉంచు. బేగి వొచ్చేత్తాను. గుంటలు సెలవులకెల్లేలోగా దిద్దించీయాలి."

రాలేదు. పిల్లలు సెలవులకి వెళ్లిపోయారు. ఒకరిది ముంచింగిపుట్టు అవతల, ఒకరిది ఫోను పలకని కొండ వెనకాల. ఎవరిని ఎక్కడని పట్టుకోను?

మిషనులో నలుపు పెంచి చూశాను. కాగితమంతా నల్లబడింది, గీతలు అందులో మునిగిపోయాయి. ఒక మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు నల్ల పెన్ను తీసుకుని ఒక పేజీ ముందు కూర్చున్నాను. ఉన్న గీత మీదే కదా, జాగ్రత్తగా పోతే సరిపోతుంది అనుకున్నాను. పెన్ను కాగితానికి ఆనించే ముందు ఆ గీత వంక చూశాను. ఎక్కడ గట్టిగా నొక్కిందో, ఎక్కడ భయపడి తేలిపోయిందో కనబడుతోంది. నేను దిద్దితే అన్నీ ఒకే లావున, నా చేతి తీరున వస్తాయి. మూత పెట్టేశాను. దిద్దకపోతే పుస్తకం లేదు, దిద్దితే వాళ్ల పుస్తకం కాదు.

అప్పుడే పట్నం నుంచి కొందరు వచ్చారు. పిల్లల పుస్తకాలు వేసే మనుషులు. మా పాత పుస్తకం ఒకటి ఎవరి దగ్గరో చూశారట. చాలా మెచ్చుకున్నారు. ఈసారిది రంగుల్లో, మంచి కాగితం మీద ఉచితంగా వేసిస్తామన్నారు. పెన్సిలువి అచ్చుకి పనికిరావు కాబట్టి తమ ఆర్టిస్టు చేత అన్నీ నీటుగా మళ్లీ గీయిస్తామన్నారు. హెడ్మాస్టారే వాళ్లని కొట్టుకి తీసుకొచ్చారు.

"డ్రాయింగు మాస్టారు దీనికి ఒప్పుకోరు సార్" అన్నాను.

"ఆయన పరిస్థితి నీకు తెలుసు కదమ్మా. ఈ ఏడు అసలు పుస్తకమే లేకపోవడం కంటే ఇది నయం కాదా?" అన్నారు హెడ్మాస్టారు.

కాగితాలు బడివి, నావి కావు. ఫోనుతో ఫోటోలు తీసుకుని కట్ట ఇచ్చేశాను.

ఆ వారమే విశాఖ వెళ్లి ఆసుపత్రిలో ఆయన్ని చూశాను. మనిషి సగమయ్యారు. పొట్ట ఒక్కటే ఎత్తుగా ఉంది. నన్ను చూడగానే, "తెచ్చేవా?" అన్నారు. ఫోను ఇచ్చాను. ఒక్కో పేజీ వేలితో జరుపుతూ చూశారు. ఏడో తరగతి అమ్మాయి ఒకతె గీసిన పేజీ దగ్గర ఆగారు. వాళ్ల నానమ్మ ముంచింగిపుట్టు సంతలో మేకని అమ్మేస్తే, అది తాడు తెంపుకుని ఇంటికి వచ్చేస్తుంది. అదీ కథ. అన్ని గడుల్లోనూ మేక వెనక భాగమే ఉంది. మొహం ఎక్కడా లేదు.

"మేకల ఎనకాల నడిసిన గుంట. మొకం ఎక్కడ సూత్తాది?" అని నవ్వబోయారు. దగ్గొచ్చింది. వాళ్లమ్మాయి చెంచాతో నీళ్లు పట్టింది.

కాసేపటికి, "ఇంకు ఏయించేవా?" అని అడిగారు.

దాచకుండా చెప్పాను. ఆయన కిటికీ వైపు చూస్తూ విన్నారు.

"ఎంతమంది గీత్తారంట?"

"ఒక్కరే మాస్టారూ."

ఫోను మంచం మీద పెట్టారు.

"ఆలని అనడానికి లేదు సెల్లెమ్మా. మంచికే సేత్తన్నారు. కోప్పడదామంటే ఎవులూ లేరు."

మళ్లీ ఫోను తీసుకుని మేక బొమ్మని రెండు వేళ్లతో పెద్దది చేశారు. ఇంకా పెద్దది చేశారు. మేక పోయి, బూడిదరంగు గీతలే మిగిలాయి. వాటినే చూస్తూ ఉన్నారు. నా బస్సు వేళయింది. ఫోను అడగాల్సి వచ్చింది.

ఆయన పోయాక, బళ్లు తెరిచిన కొన్నాళ్లకి పుస్తకాలొచ్చాయి. పంచే రోజు హెడ్మాస్టారు నన్నూ పిలిచారు. మొదటి పేజీలో మాస్టారి ఫోటో వేశారు, కింద నాలుగు మంచి మాటలు. నున్నటి కాగితం, కొత్త వాసన. ఏ పేజీ తిప్పినా ఒకే ముక్కు, ఒకే కళ్లు. మాటలన్నీ గుండ్రటి బుడగల్లో. అబద్ధం ఆడను, చాలామంది పిల్లలు సంతోషించారు. తమ పేరు అచ్చులో చూసుకుని పక్కవాళ్లకి చూపించుకున్నారు. వచ్చిన తల్లిదండ్రులు రంగుల మీద చెయ్యి పెట్టి నిమిరి చూశారు.

బల్ల మీద దొంతర పెట్టి పంచుతున్నది నేనే. మేక కథ గీసిన అమ్మాయి పుస్తకం తీసుకుని, పక్కకి వెళ్లి, తన పేజీ వెతుక్కుంది. దాని మీద పేరు ఆమెదే. బొమ్మలో తెల్లటి మేక ఒకటి మనవైపు తిరిగి నవ్వుతోంది. ఆమె వెనక్కి వచ్చింది.

"అక్కా, ఇది తప్పు పడింది. మార్చియ్యి."

మా జిరాక్స్ పుస్తకాల్లో అప్పుడప్పుడు ఒకరి పేజీ ఎగిరిపోయేది, ఒకరిది రెండుసార్లు పడేది. తెస్తే మార్చి ఇచ్చేదాన్ని. ఇదీ అలాంటిదే అనుకుంది. ఇంకొకటి తీసిచ్చాను. నిలబడ్డచోటే తెరిచి చూసి, మూసి, అంచులు సరిచేసి బల్ల మీద పెట్టింది. ఈసారి నన్ను అడగకుండా దొంతరలోంచి తనే ఒకటి తీసుకుంది. అదీ తెరిచింది. వెనక వరసలో పిల్లలు "బేగి కానీయే" అంటున్నారు. దాన్ని కూడా జాగ్రత్తగా పక్కన పెట్టి, పైవి తప్పించి, దొంతర అడుగున ఉన్నదాన్ని లాగడానికి చెయ్యి పెట్టింది.