సరస్సు ఒడ్డున ఆరేసిన పదిహేడు

చేతి తొడుగులు ఏడు (ఎనిమిదోది పిల్లవాడి చేతికే ఉండిపోయింది), మేజోళ్ళు ఆరు, టోపీలు రెండు, మఫ్లరు ఒకటి, చంటిపిల్ల స్వెట్టరు ఒకటి. మొత్తం పదిహేడు పోయాయి. అన్నీ ఉన్నివే, అన్నీ మేడం వాళ్ళమ్మ చేత్తో అల్లినవే.

ఈ జాబితా నాకు చెప్పింది బహ్రెయిన్‌లో, మహూజ్ పేటలో ఒక అరబ్బు ఇంట్లో పనిచేసే అమ్మాయి. మా గోదావరి జిల్లాదే. నన్ను అన్నయ్యా అనేది. శుక్రవారం కోల్డ్ స్టోర్ అనే కిరాణా దుకాణం ముందు నిలబడి వేళ్ళు మడిచి చెబుతుంటే, అట్టపెట్టె ముక్క మీద రాసుకున్నాను. నేను అప్పట్లో మీనా సల్మాన్ రేవులో ఒక శీతల గిడ్డంగిలో కోడిమాంసం పెట్టెలు లెక్కపెట్టేవాణ్ణి. పది తప్పాను, లెక్కలు మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను.

వాళ్ళ యజమాని ఆల్ప్స్ కొండల్లో సరస్సు ఒడ్డున ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. చలికాలం మంచు మీద జారడానికి, వసంతంలో నడవడానికి, ఎండాకాలం పడవకి, ఆకులు రాలే కాలంలో ఊరికే తిరగడానికి, ఏడాదికి నాలుగుసార్లు వెళ్ళేవాళ్ళు. ఆ చలికాలం పిల్లల్ని చూసుకోవడానికి ఈమెను మొదటిసారి తీసుకెళ్ళారు. బట్టలు ఉతికి, బహ్రెయిన్‌లో చేసినట్టే ఇంటి వెనక తాడు మీద ఆరేసింది. ఇక్కడ జనవరిలో కూడా మధ్యాహ్నం ఆరేస్తే సాయంత్రానికి తీసేయొచ్చు.

"బిగుసుకుపోయాయన్నయ్యా, అప్పడాల్లాగ! ఇంతలో గాలొచ్చింది, మంచు పడింది. తెల్లారేసరికి తాడు కూడా కనబళ్ళేదు."

మేడం తిట్టి, ఒక మాట అందట: ఎక్కడ ఆరేశావో నీకే తెలుసు, ప్రతిసారీ వచ్చి వెతుకు, అన్నీ దొరికాక ఇక రానక్కర్లేదు, బహ్రెయిన్ ఇంట్లోనే ఉందువుగాని.

నాకు మాత్రం వేరే సందేహం పట్టుకుంది. గడ్డకట్టిన బట్ట ఆరుతుందా, ఆరదా? తడి మేజోడొకటి గిడ్డంగిలో, సున్నాకి పద్దెనిమిది డిగ్రీల కింద వేలాడదీశాను. చెక్కముక్కలా అయింది. రోజూ తూచాను. ఐదో రోజుకి బాగా తేలికపడింది. కరగకుండానే ఆరుతోంది!

"నీ తప్పు ఆరెయ్యడం కాదు, క్లిప్పులు పెట్టకపోవడం" అన్నాను.

"ఆ కొండల్లో క్లిప్పులెవడిస్తాడండీ, మీరు మరీను!"

గాలి ఎటునుంచి వచ్చిందని అడిగాను. చెరువు మీంచే, మొహానికి కొట్టిందంది. తాడు నుంచి వెనక కంచెకి ఎన్ని అడుగులు? నలభై. అయితే ఏదీ నీళ్ళలో పడి ఉండదు, కంచె వెంబడి వెతకమన్నాను. పనిలోపనిగా చెరువు మీద గడ్డ ఎంత మందముంటుందో చూసి రమ్మన్నాను.

వసంతంలో కంచె మొదట్లో పదకొండు దొరికాయి. గడ్డ అప్పటికే కరిగిపోయిందట. ఎండాకాలం గడ్డి కోస్తే నాలుగు. ఆకులు రాలే కాలంలో కట్టెల పేర్పులో ఒకటి. పదహారు! నా అంచనా ఇంత బాగా కుదిరినందుకు ఉబ్బిపోయాను.

"ఇంకొక్కటే. అదీ దొరికేస్తుంది చూడు."

ఆమె సంచిలోంచి చిన్న ఎర్ర తొడుగు తీసింది, ఎడమచేతిది.

"ఎప్పుడు దొరికింది?"

"ఎండాకాలంలోనే."

"మరి ఇవ్వలేదేం?"

"ఇస్తే ఖలాస్. ఆళ్ళు యల్లా అని ఎళ్ళిపోతారు, నేను మూడో అంతస్తులో తలుపేసుక్కూచోవాలి. ఇక్కడ వారానికి రెండు గంటలండి నాకు బయట. అక్కడ పొద్దస్తమానం బయటే. పిల్లల్తో చెరువు చుట్టూ తిరుగుతానన్నయ్యా."

ఏడాదంతా ఆమె తిరుగుళ్ళకి గండి కొడుతున్నది నా లెక్కేనని అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

"ఉన్నది లేదని రాయమంటావా?"

"మీ దగ్గరుంటే ఆళ్ళకి దొరకనట్టేగా. అయినా గడ్డ మందం ఎంతో మీరే అడిగారు. చలికాలం ఎళ్తేనే కదండీ తెలిసేది?"

తొడుగు నా చేతిలో పెట్టి పాలడబ్బా కొనుక్కుని వెళ్ళిపోయింది.

ఆ చలికాలం ఆమె మళ్ళీ అక్కడికి వెళ్ళింది. చేపలవాళ్ళు తవ్విన కన్నం దగ్గర కొలిచి వచ్చింది: జానెడు, ఆపైన నాలుగు వేళ్ళు. దాన్నీ అదే అట్టముక్క మీద రాశాను.

ఆ ముక్క, ఆ ఎర్ర తొడుగు ఇప్పటికీ నా రేకుపెట్టెలోనే ఉన్నాయి. పోయినవి పదిహేడు. అప్పగించినవి పదహారు. ఇవ్వాల్సింది ఒకటి.