పాలు లేని ఇంట్లో మాడు వాసన

దయ్యాల మాట వస్తే మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వేది నేనే. కెమిస్ట్రీ చదువుకున్నాను, పెళ్లికి ముందు స్కూల్లో పాఠాలు కూడా చెప్పాను. ఇప్పుడూ దయ్యాలున్నాయని అనడం లేదు. జరిగింది మాత్రం చెబుతాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మావారికి ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. మాకిచ్చిన పాత క్వార్టర్ మొదటి అంతస్తులో ఉండేది. హాల్లో ఫైర్‌ప్లేస్. మాలాంటి కోస్తావాళ్లకి దానితో పనేముంది? గోడలో గూడు కనబడగానే నేను అందులో దేవుడి పటాలు పెట్టేశాను.

ఆ చలికాలం మా పాప నెలల పిల్ల. ఊపిరి తీస్తే పిల్లికూతలు. దాని గుండెల మీద చెయ్యి వేసుకుని, ఆడుతోందా లేదా అని చూస్తూ కూర్చునేదాన్ని. హీటర్ ఉన్నా కరెంటు నమ్మకం లేదు. మావారు బదిలీ మీద వెళ్తున్న ఒక ఆఫీసరు దగ్గర్నుంచి కట్టెలు వేసే ఇనుప పొయ్యి తెచ్చారు. గాజు తలుపున్న పెట్టె అది. ఫైర్‌ప్లేస్‌లోకి దూర్చి, గొట్టాన్ని చిమ్నీలోకి ఎక్కించాలి. దేవుళ్లు బీరువా మీదికి మారారు. మిస్త్రీ పొయ్యి బిగించి, సందులన్నీ మట్టితో మెత్తి వెళ్లాడు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే రాజమండ్రి నుంచి అత్తయ్య ఫోన్. "కొత్త పొయ్యి కదమ్మా, పాలు పొంగించారా?"

"అది వంట పొయ్యి కాదమ్మా, గది వెచ్చబెట్టేది," అని మావారు ఫోన్ అందుకుని నవ్వారు.

"పొయ్యి పొయ్యేరా," అందావిడ.

పొంగిద్దామన్నా ఇంట్లో చుక్క పాలు లేవు. పొగమంచుకి పాలబండి రాలేదు. టీ కూడా పాలు లేకుండానే తాగాం. పాలొచ్చాక పొంగిస్తానని అత్తయ్యకి చెప్పాను. మావారు పొయ్యి అంటించి, ఏదో పనుందని ఆఫీసుకి వెళ్లారు.

కిటికీ సందుల్లో పేపర్లు కుక్కాను. గది హాయిగా వెచ్చబడింది. చాలా రోజులకి పాప తెరిపిన పడి నిద్రపోయింది. దాని పక్కనే నాకూ కన్నంటుకుంది.

పాలు మాడిన వాసనకి మెలకువ వచ్చింది. ముక్కు పగిలిపోయేంత వాసన. గిన్నె మాడిపోతోందన్న కంగారులో ఇంట్లో పాలే లేవన్న సంగతి గుర్తురాలేదు. పాపని భుజాన వేసుకుని లేచాను. కాళ్లు నావి కానట్టున్నాయి. గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. గ్యాస్ ఆపేసి ఉంది. పాలగిన్నె కడిగి బోర్లించినది బోర్లించినట్టే ఉంది.

తల పగిలిపోతోంది. పాప మెడ వాలిపోయింది. భయంతో వీధి తలుపు తీశాను.

గుమ్మంలో కింది ఇంటి పంజాబీ ఆంటీ, బెల్లు కొట్టబోతూ ఉంది. "అరే బేటీ, దూధ్ జల్ రహా హై తుమ్హారా! నీచే తక్ ఆ రహీ హై!" అంది. మా పాలు మాడుతున్న వాసన కిందిదాకా వచ్చిందట.

నా మొహం చూసి ఆవిడ పాపని లాక్కుని మెట్లు దిగి చలిగాలిలోకి తీసుకెళ్లి, అరికాళ్లు రుద్దింది. కాసేపటికి పాప కెవ్వుమంది. నేను మెట్ల మీదే కూలబడి ఏడ్చాను.

చిమ్నీలో గొట్టానికి పైన పావురాల గూడు సగం అడ్డుపడిందని తర్వాత తేలింది. కట్టెలు నిప్పులయ్యాక పొగ కనబడకుండానే విషవాయువు గదిలోకి వచ్చిందని ఆస్పత్రిలో చెప్పారు. దానికి వాసన ఉండదు. అది డాక్టరు చెప్పక్కర్లేదు, నేనే పిల్లలకి చెప్పిన పాఠం.

ఇంకెవరింట్లోనో పాలు మాడి ఉంటాయన్నారు మావారు. ఆ రోజు మా వరసలో ఎవరింటికీ పాలు రాలేదు, నేనే అందరినీ అడిగాను. నిద్రలో ఏదో భ్రమ అనుకుందామంటే, మరి ఆంటీ సంగతేమిటి? ఆవిడ నిద్రపోలేదు కదా. అత్తయ్య మాత్రం అంతా విని, "పాప పాలు తాగుతోందా?" అని అడిగింది.

పొయ్యి తీసేయించాను. దేవుళ్లు మళ్లీ గూట్లోకి వచ్చారు. ఆ వాసన ఎక్కడిదో నాకు ఈరోజుకీ తెలియదు.

ఇప్పటికీ ఇంట్లో పాలు మాడితే అందరూ స్టవ్ దగ్గరికి పరిగెడతారు. నేను పాప గదిలోకి పరిగెడతాను.