నాయన గిటారుకు నేను వేయించిన రంగు

తాడిపత్రిలో జరిగిన ఆ పెళ్ళిలో ఏం వడ్డించారో మరిచిపోయాను. పెళ్ళికొడుకు ముఖం మరిచిపోయాను. ఆర్కెస్ట్రా నడిపే మనిషి అన్న మాట మాత్రం ఇప్పటికీ మరిచిపోలేదు.

మా నాయన చనిపోయి అప్పటికి మూడేళ్ళు. ఆయన చాలా ఏళ్ళు ఆ ఆర్కెస్ట్రాలో గిటారు వాయించాడు. ఆ గౌరవంతో ఆ రోజు ఒక్క పాటకు నా చెల్లెలిని పిలిచారు. నాయన గిటారునే తీసుకుపోయాం. చెల్లెలు పెట్టె మూత తెరవగానే ఆ మనిషి వంగి చూసి, మైకు చేతిలో ఉండగానే అన్నాడు:

"ఏమప్పా, పాత ఇనుప సామాన్లోనికి ఏయాల్సినదాన్ని స్టేజీ మీదికి తెస్తిరే!"

పందిట్లో అందరూ నవ్వారు. నా చెల్లెలు కూడా నవ్వింది. నవ్వుతూనే తీగలు బిగించి, శ్రుతి చూసుకుని వాయించింది. పాట నడుమ గిటారు రెండుసార్లు మూగబోయింది. రెండుసార్లూ ఆమె వేలితో ఒకచోట తట్టి మళ్ళీ పలికించింది. పాట అయ్యాక ఆ మనిషే వచ్చి "బాగా వాయిస్తివి పాపా, మీ నాయన గుర్తొచ్చినాడు" అన్నాడు. నేను అతనికి నమస్కారం కూడా పెట్టకుండా వచ్చేశాను. ఇప్పుడు కనబడినా పెట్టను.

ఆ గిటారు సంగతి కొంత చెప్పాలి. నాయన గుంతకల్లు లోకోషెడ్డులో కలాసీ, ఇంజన్ల దగ్గర చేతిసాయం పని. ఆ రోజుల్లో రైల్వేవాళ్ళ క్లబ్బులో శనివారాలు డాన్సులు జరిగేవి. అక్కడ గిటారు వాయించే ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఒకాయన వెంట నాయన యాంప్లిఫయరు పెట్టెలు మోసేవాడు. మోస్తూ చూస్తూ నేర్చుకున్నాడు. ఆ డ్రైవరు ఉద్యోగం ముగించి ఊరు విడిచిపోతూ గిటారును నాయన చేతుల్లో పెట్టి పోయాడు. అది మొదట లేత నీలం రంగుదట. నాకు ఊహ తెలిసేనాటికే పాచి పట్టిన నీళ్ళ రంగుకు తిరిగింది. కుడి ముంజేయి ఆనే చోట రంగు మొత్తం అరిగిపోయి కట్టె బయటపడింది. ఏళ్ళ తరబడి నాయన చెమట తాగి ఆ కట్టె, రోకలికి చేయి పట్టే చోటులా, నల్లగా నున్నగా తయారైంది.

నాకు పదహారేళ్ళప్పుడు నేర్పమని అడిగాను. నెల రోజులు నేర్పాడు. ఒక ఆదివారం చర్చి ముగిశాక నలుగురు మా ఇంటికి కాఫీకి వచ్చారు. వాళ్ళ ముందర నాయన నన్ను చూపించి, "వీనికి తాళం నిలవదప్పా. పాపకు నిలుస్తాది" అన్నాడు. పాప అంటే నా చెల్లెలు. అప్పుడామెకు పదేళ్ళు. ఆ రోజు నుంచి గిటారు ఆమె ఒళ్ళోకి పోయింది. నాయన చెప్పింది నిజమే. నాకు తాళం నిలవదు. కాని నలుగురి ముందర చెప్పాల్సిన పని లేదు. లోపలికి పిలిచి చెప్పి ఉంటే సరిపోయేది. నాయన పోయాక కూడా ఈ విషయంలో నా అభిప్రాయం మారలేదు.

ఆయన తొంభైల చివర్లో పోయాడు. గిటారు ఎవరిదో చెప్పలేదు. చెల్లెలికి అప్పటికే పెళ్ళయి రాయదుర్గంలో ఉండేది. అక్కడ బడిలో టీచరు. ఆమె భర్తకు జీన్స్ ప్యాంట్లు కుట్టే చిన్న యూనిట్ ఉండేది. నేను అనంతపురంలో, నాయన చివరి రోజుల్లో ఉన్న ఇంట్లోనే ఉన్నాను కాబట్టి గిటారు నా దగ్గర ఉండిపోయింది. ఏటా నాయన పోయిన రోజున మా ఇంట్లో ప్రార్థన పెట్టుకునేవాళ్ళం. చెల్లెలు వచ్చి, నాయన చర్చిలో వాయించే ఒక పాటను ఆ గిటారు మీద వాయించేది. గిటారును తన వెంట పంపమని ఒక్కసారి కూడా అడగలేదు. అడగలేదు గదా అని నేనూ ఇవ్వలేదు.

తాడిపత్రి పెళ్ళి తర్వాత నాకు ఒకటే పట్టుదల. ఈ గిటారును మళ్ళీ కొత్తగా చేయించాలి. ఆ మనిషి కళ్ళ ముందర పెట్టాలి. నాయన నాకు నేర్పకపోయినా, ఆయన వస్తువును నిలబెట్టింది నేనే అని అందరికీ తెలియాలి.

మొదట బెంగళూరు పోయాను. పాత గిటార్లు బాగుచేసే ఒకాయన షాపు ఉందని ఎవరో చెప్పారు. పొద్దున్నే బస్సు దిగి పోతే, స్టూలు కూడా చూపించకుండా మధ్యాహ్నం దాకా నిలబెట్టాడు. చివరికి గిటారు విప్పి చూసి మొదట అన్న మాట, "అమ్ముతారా?"

"అమ్మేదానికి రాలేదు. బాగు చేసేదానికి తెచ్చినా," అన్నాను.

ఆయనకు తెలుగు వచ్చు. చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు: "దీనిలో పోయింది ఏమీ లేదు. లోపల ఒక వైరు అతుకు ఊడింది, అంతే. నెల రోజులు వదిలిపెట్టి పోండి, చేసి పెడతాను. రంగు జోలికి పోవద్దు. తీగల కింద ఉన్న రాగిచుట్టలు ఎవరితోనూ విప్పించవద్దు. మీ ఊర్లలో అన్నిటికీ రంగు పూస్తారు, దీనికి పూయవద్దు."

అమ్ముతారా అని అడిగినవాడి దగ్గర నెల రోజులు ఎలా వదలాలి? లోపలి సామాను మార్చేస్తే నాకేం తెలుస్తుంది? పైగా 'మీ ఊర్లలో' అనే మాట ఒకటి. గిటారు పెట్టెలో పెట్టుకుని సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేశాను. ఆయన చెప్పినదానికి సరిగ్గా ఎదురు చేయాలని హిందూపురం దాటేలోపే నిర్ణయించుకున్నాను.

చెల్లెలికి తెలిసింది. ఒక ఆదివారం వచ్చింది. తిరిగి పోయేటప్పుడు బస్టాండులో నిలబడి అడిగింది:

"అన్నా, ఆ అతుకు మాత్రం పెట్టించు సాలు. పైన ముట్టొద్దు. నాయన చెయ్యి ఆనిన తావు అట్లే ఉండనీ. వాయించేటప్పుడు నా చెయ్యి కూడా ఆడ్నే పెట్టుకుంటా."

"ఆ పొద్దు తాడిపత్రిలో మంది నవ్వుతాంటే నువ్వు గూడా నవ్వితివే," అన్నాను.

"నవ్వితే ఏమాయ? ఆయప్ప తమాషాకు అన్నాడు, నవ్వినా."

"నాయనను అంటే నీకు నవ్వొచ్చెనా?"

"గిటారును అన్నాడన్నా. నాయనను ఎవరన్నారు? నువ్వే అనుకుంటాండావు." బస్సు కదులుతుంటే కిటికీలోంచి మళ్ళీ చెప్పింది, "పైన ముట్టొద్దన్నా."

ఆమె అడిగింది అంతే. గిటారు అడగలేదు, ఇల్లు అడగలేదు, నాయన వదిలిపోయినదాంట్లో దేన్నీ అడగలేదు.

ఆ ఏళ్ళలో మా వైపు వానలు లేవు. బోర్లలో నీళ్ళు అడుగుకు పోయి మోటార్లు వరసగా కాలిపోయేవి. ఊర్లో ఎవరికి పని ఉన్నా లేకపోయినా మోటార్లకు తీగ చుట్టే వైండింగ్ షాపులవాళ్ళకు మాత్రం తీరిక ఉండేది కాదు. మా దగ్గర ఏ వస్తువులో రాగితీగ కనబడినా కాళ్ళు అటే పోతాయి. ఫ్యాను తిరగకపోయినా, మిక్సీ ఆగినా, స్పీకరు మూగబోయినా వైండింగ్ షాపే. గిటారు తీగల కింద రెండు చిన్న చుట్టలు ఉంటాయి. తీగల కదలికను పట్టుకుని యాంప్లిఫయరుకు పంపేవి అవే. వాటిలోనూ రాగితీగే ఉంది కాబట్టి నేనూ అక్కడికే పోయాను.

ఆ షాపతను కాలిన మోటార్ల నడుమ చోటు చేసి, నన్ను కూర్చోబెట్టి, టీ తెప్పించాడు. చుట్టను వెలుతురుకు పట్టి చూసి నాలుక చప్పరించాడు.

"యెంటిక కంటే సన్నగా ఉండాదన్నా ఈ తీగ! ఇట్లాంటిది పోకుండా ఎట్లుంటాది? కొంచెం దొడ్డు తీగ ఏస్తా, జన్మలో కాలదు."

"ఒకటే సరిగా లేదు. రెండోది పలుకుతాంది," అన్నాను.

"ఒకటి కొత్తది, ఒకటి పాతది పెడితే సరిపోతాదా? రెండూ తీసేద్దాం. ఐదు హెచ్‌పీ మోటార్లు చుట్టేవాన్ని, ఇదెంతన్నా నాకు!"

అతన్ని నేను తప్పు పట్టలేను. తెలియనిదాన్ని తెలుసన్నాడు, అంతే. కాని నాకు తెలుసు. అతుకు తప్ప ఇంకేదీ పోలేదని బెంగళూరు మనిషి చెప్పాడు. టీ ఇచ్చి కూర్చోబెట్టినవాడి మాట మీద, నిలబెట్టి నిజం చెప్పినవాడి మాట కాదనుకున్నాను. రెండూ చుట్టమన్నాను.

రాప్తాడు రోడ్డులో లారీలకు రంగులు వేసే షెడ్డు ఒకటి ఉండేది. ఆ పెయింటరు గిటారును ఒళ్ళో పెట్టుకుని గరుకు కాగితంతో రుద్దడం మొదలుపెట్టాడు. పచ్చటి పొడి రాలింది. పై అంచు దగ్గరికి వచ్చేసరికి ఆగాడు.

"ఈడ బాగా అరిగిపోయిందన్నా. లప్పం పెట్టి సమానం చేయాల్నా, ఇట్లే ఇడవాల్నా?"

అతను అడిగాడు. అడగకుండా చేసి ఉంటే ఈపాటికి తప్పు అతని మీద వేసేవాణ్ణి. బస్సు కిటికీలోంచి చెల్లెలు చెప్పిన మాట ఆ క్షణాన నాకు గుర్తుంది కూడా. గుర్తుండే, "సమానం చెయ్యప్పా, నిన్న కొన్నట్టు ఉండాల" అన్నాను. అతను నల్లటి కట్టె మీద లప్పం పూసి, ఆరబెట్టి, రుద్ది, ఎర్రరంగు మూడు పూతలు కొట్టాడు.

ఆ ఏటి ప్రార్థనకు చెల్లెలు వచ్చింది. నేనే పెట్టె తెచ్చి అందరి నడుమ మూత తీశాను. చర్చివాళ్ళు "అబ్బా, కొత్తది కొనిండావా?" అన్నారు. ఆ మాట కోసమే అన్నాళ్ళు ఎదురుచూశాను. చెల్లెలు గిటారు ఒళ్ళోకి తీసుకుని కుడిచేయి పైన పెట్టింది. తీసింది. కొంచెం కిందికి జరిపి పెట్టింది. మళ్ళీ తీసింది. తర్వాత మీటింది.

రేకు డబ్బాలో గవ్వలు వేసి ఆడించినట్టు పలికింది. యాంప్లిఫయరు గుయ్యిమనే మోత తీగల కంటే ఎక్కువగా వినబడింది. పెంచితే మోతే పెరిగింది. పాస్టరుగారు నా వైపు చూశారు. చెల్లెలు లేచి యాంప్లిఫయరు ఆపేసి, వైరు పీకి, ఉత్త తీగల మీదనే పాటంతా వాయించింది. ముందు వరసలో ఉన్నవాళ్ళకు మాత్రమే వినబడింది. నేను ముందు వరసలోనే ఉన్నాను.

పోయేటప్పుడు బస్టాండుకు తోడు వస్తానంటే వద్దంది. "నేను పోతాలే అన్నా" అంది, అంతే. తిడుతుందేమోనని రెండు రోజులుగా బదులు మాటలు సిద్ధం చేసి పెట్టుకున్నాను. అవన్నీ నా దగ్గరే మిగిలిపోయాయి.

మర్నాడు వైండింగ్ షాపు తెరవకముందే పోయి నిలబడ్డాను. పాత తీగ కావాలన్నాను.

"ఆ తీగనా? కాలిన మోటార్ల రాగితో కలిసి తూకానికి పోయింటాది కదన్నా."

నేను గట్టిగా అరిచాను. పక్క షాపులవాళ్ళు బయటికి వచ్చి చూశారు. అతను అరవలేదు. "నువ్వే గదన్నా రెండూ చుట్టమంటివి. బలవంతం చేసినానా?" అన్నాడు. ఊర్లోవాళ్ళకు ఏ ఆఫీసుకైనా, ఎవరి మీదైనా అర్జీలు రాసిపెట్టే నాకు, ఈ విషయంలో ఎవరి మీద రాయాలో తెలియలేదు.

రెండు నెలలు ఆగి మళ్ళీ బెంగళూరు పోయాను. ఆయన గిటారును అటూ ఇటూ తిప్పి చూశాడు. ఈసారి స్టూలు చూపించాడు. నిలబెట్టినా బాగుండేది. "చుట్టలు సన్న తీగతో మళ్ళీ చుడతాను. పాత గొంతు రాదు, దగ్గరికి తెస్తాను," అన్నాడు. రంగు సంగతి నేను అడగబోతుంటే తల అడ్డంగా ఊపాడు. ఎన్నాళ్ళయినా సరేనని అక్కడే వదిలి వచ్చాను.

అది తయారయ్యాక నేరుగా రాయదుర్గం తీసుకుపోయి చెల్లెలి ఇంట్లో మంచం మీద పెట్టాను. "ఇది నీదే. మొదటే ఇయ్యాల్సింది," అన్నాను. తప్పు నాది అని కూడా చెప్పాలనుకున్నాను. ఆమె భర్త ఉన్నాడు, కుట్టుపనివాళ్ళు వస్తూ పోతూ ఉన్నారు. నలుగురి ముందర ఆ మాట నా నోట రాలేదు. చెల్లెలు చేయి ఆనే చోట ఒకసారి తడిమి, మీటి చూసి, "గొంతు దగ్గరికి వచ్చిందన్నా" అంది. అన్నం పెట్టింది. సంతోషంగానే తిరిగి వచ్చాను.

పది రోజులకు రాయదుర్గం బస్సు కండక్టరు ఒక మూట తెచ్చి ఇచ్చాడు. గిటారే. దానికి దళసరి జీన్స్ గుడ్డతో, వాళ్ళ యూనిట్‌లోనే, కొలత తీసుకుని కుట్టిన తొడుగు వేసి ఉంది. లోపల మెత్తటి గుడ్డ పరిచి, ఎర్రరంగుకు గీత పడకుండా ప్రతి మూలా జాగ్రత్తగా కుట్టారు. తొడుగు మీద ప్యాంటుకు ఉన్నట్టే ఒక జేబు ఉంది. చీటీ ఏమైనా పెట్టిందేమోనని ఆ జేబులో చేయి పెట్టి చివరిదాకా వెతికాను. దారపు ముక్కలు తప్ప ఏమీ లేవు.