ఎనిమిదోది కనపడలేదు

ఎనిమిది గ్రహాలు మకరంలో చేరి లోకాన్ని ముంచేస్తాయని ఊరంతా వణుకుతున్న ఈ వారంలోనే, ఏళ్లుగా మూతపడి ఉన్న మా బడి గ్రహాల గదిని బాగుచేయించడానికి మేం చందాలు అడుగుతున్నాం. ఈ మధ్యాహ్నం తోటపల్లి గూడూరు నుంచి ఒక పెద్ద రైతు, చూశాకే ఇస్తానని వచ్చారు.

తలుపు మూసి, ఒక్క చిన్న దీపం మాత్రం ఉంచి చీకటి చేశాం. కప్పుకు వేలాడే సూర్యచంద్రులూ, అయిదు గ్రహాలూ తిరగాలని నేను పిడి తిప్పాను. తుప్పు పట్టిన చక్రాలు కీచుమన్నాయి. ఏడు ఇత్తడి గోళాలూ ఒక్కొక్కటే జరిగి, సరిగ్గా ఆయన నెత్తిమీద ఒకే చోట చేరి ఇరుక్కుపోయాయి. ఎంత లాగినా పిడి కదల్లేదు.

“ఇంక తిప్పబాకు అబ్బయ్యా,” అన్నారాయన మెల్లగా. “ఏడే ఉండాయి. ఎనిమిదోవాడు, కేతువు యాడ?”

“కేతువుకు గోళం లేదండీ. కంటికి కనపడడు.”

“కనపడేవాళ్లతో ఏం భయం? కనపడనోడితోనే గదా.”

తలుపు తీయడానికి అక్కడున్న ముగ్గురు విద్యార్థులమూ ఒకేసారి పరుగెత్తాం. బయటికొచ్చాక ఆయన రసీదు కూడా అడక్కుండా చందా నా చేతిలో పెట్టి, ముందు ఆ గోళాల్ని విడదీయించమన్నారు.

ఇంటికొస్తే అమ్మ శాంతిపూజకు తమలపాకులు తెమ్మంది. నిన్నటిదాకా సైన్సు పాఠం చెప్పి విసుక్కున్నవాణ్ణి, ఈ రోజు నోరెత్తకుండా తెచ్చాను. కేతువు పేర ఒక కట్ట ఎక్కువే తెచ్చాను.

ఈ గోడపత్రిక కింద కాస్త ఖాళీ వదిలాను. భయం లేనివాళ్లు అక్కడ సంతకం చేయండి. పిడి తిప్పడానికి రేపు మిమ్మల్నే పిలుస్తాం.